మూడో కుండ

మూడు మాత్రల అట్టల్నీ దేవిశ్రీ చాప మీద వరసగా పెట్టింది. మొదటిదాంట్లో నాలుగు గుంటలు ఖాళీగా ఉన్నాయి. మిగతా రెండూ మందులషాపు నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి.

"ఇవాళ పదిహేనో రోజు," అంది. "వాడింది నాలుగు బిళ్లలు. మిగతా పదకొండు రోజులూ అమ్మకేం ఇచ్చావత్తా?"

రత్నమాణిక్యం అట్టల వంక చూడటం లేదు. వాటి పక్కన బోర్లా పెట్టిన నల్లటి పాత కుండని చూస్తోంది. నలభై ఏళ్లుగా అటక మీద ఉన్న కుండ అది. దాంట్లో ఏం దాచినా ఎవరి కంటా పడదనుకుంది.

అంతా గంటలో జరిగిపోయింది. పొద్దున్నే పూతరేకుల పాకలో పొయ్యి ముందు కూచున్న సాయిదుర్గకి ఉన్నట్టుండి కళ్లు తిరిగాయి. ఆసరాకి చెయ్యి వేస్తే అది కాగుతున్న కుండ మీద పడింది. కుండ దొర్లి రెండు ముక్కలైంది, ముంజెయ్యి కాలింది. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి కట్టు కట్టి వెళ్లాడు. చెయ్యి మండుతున్నా సాయిదుర్గ కుండ పోయింది, కుండ పోయింది అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. పరీక్షల సెలవులకి ఇంటికొచ్చిన దేవిశ్రీ తల్లి ఏడుపు చూడలేక, ఇంకో కుండ ఏదైనా ఉందేమోనని అటకెక్కింది.

"కాల్షియం బిళ్లలు," అంది రత్నమాణిక్యం చివరికి. "ఎముకలకి మంచివే కదా. నేనేం విషం పెట్టలేదు."

దేవిశ్రీ తండ్రి బుల్లబ్బాయి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. పొలం నుంచి పరిగెత్తుకొచ్చిన మనిషి, కాళ్లకి బురద అలాగే ఉంది. పెంచిన అక్క మీద ఈ నలభై ఆరేళ్లలో అతను ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఇవాళ కూడా పెంచలేదు. పెంచి ఉంటేనే బావుండేదని రత్నమాణిక్యానికి అనిపించింది.

"నిన్ను నమ్మే కదక్కా మందులు నీ చేతికిచ్చాం," అన్నాడు.

ఆ మాట నిజం. రెండు నెలలుగా సాయిదుర్గ తిండి మానేసి, మాట మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటుంటే రాజమహేంద్రవరం తీసుకెళ్లింది దేవిశ్రీ. ఇది డిప్రెషన్ అనీ, మందుతో తగ్గే జబ్బేననీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. మందులు పేషెంటు చేతికివ్వకండి, ఇంట్లో ఒకరు దగ్గరుంచుకుని పూటకి పూట ఇవ్వండి అని కూడా చెప్పింది. ఆ ఒకరు ఎవరనేది ఆ ఇంట్లో చర్చకొచ్చే విషయం కాదు. ఉప్పు డబ్బా దగ్గర్నుంచి పొలం దస్తావేజుల దాకా అన్నీ రత్నమాణిక్యం చేతి కిందే ఉంటాయి. పన్నెండేళ్ల కిందట భర్త పోయి పుట్టింటికి వచ్చినప్పటినుంచీ ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్లు లేరు. చెప్పాలనుకున్నవాళ్లకి మాత్రం కొదవలేదు.

"అది వణికిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావేంట్రా?" అంది. "బిళ్ల మింగిన నాలుగో రోజు పొయ్యి ముందు కూచుని, చెయ్యి నిలవడం లేదు వదినా, రేకు చిరిగిపోతోంది అని ఏడ్చింది. పధ్నాలుగేళ్లకి నేర్పాన్రా దానికి రేకు తియ్యడం. ఇన్నేళ్లలో చిరిగిన రేకు తియ్యలేదది. ఆ చెయ్యి కూడా పోతే దానికింకేం మిగుల్తుంది?"

"వణుకొస్తే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి," అంది దేవిశ్రీ. "నెంబరు ఫ్రిజ్ మీద అంటించి వెళ్లాను. ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే కళ్లు తిరుగుతాయి, తలలో కరెంటు కొట్టినట్టుంటుంది. అమ్మ వారం నుంచీ అదే చెప్తోంది కదా నీకు. నువ్వేమో దిష్టి తీశావు."

దిష్టి తీసిన మాట నిజమే. రెండుసార్లు తీసింది.

అప్పుడు మంచం మీంచి సాయిదుర్గ గొంతు వినిపించింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరిగి వీళ్లని చూస్తోంది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"వదినా," అంది. "అయితే మందు పనిచెయ్యక కాదా?"

ఎవరికీ అర్థం కాలేదు. సాయిదుర్గ లేవబోయి, కళ్లు తిరిగి మళ్లీ తల దిండు మీద పెట్టేసుకుంది.

"రోజూ నీ చేత్తో నువ్వు ఇస్తుంటే వేసుకుంటున్నానా. అయినా ఇంకా ఇంకా కిందికే పోతున్నాను. మందుకి కూడా లొంగని జబ్బు నాది, నన్ను ఎవరూ బాగుచెయ్యలేరు అనుకున్నాను. మొన్నటినుంచీ..." అని ఆగిపోయింది. "మొన్నటినుంచీ ఏమేమో అనిపిస్తోంది వదినా. అది చెప్పను."

ఎవరూ బాగుచెయ్యలేరన్న ఆ మాట రత్నమాణిక్యం ఇంతకుముందు విన్నది. ఇదే ఇంట్లో, ఇదే గదిలో, ఇంకో గొంతులో.

చాప మీదున్న అట్టలన్నీ తీసి చెంగులో కట్టుకుంది. "ఆటో మాట్లాడరా," అంది తమ్ముడితో. "ఇప్పుడే వెళ్దాం."

నువ్వు రానక్కర్లేదన్నాడు బుల్లబ్బాయి. చేసింది చాలన్నట్టుగా ఉంది ఆ మాట. దేవిశ్రీ కూడా తండ్రి పక్కనే నిలబడింది. రత్నమాణిక్యం గడప దగ్గర ఆగిపోయింది.

"వదిన రావాలి," అంది సాయిదుర్గ మంచం మీంచి.

---

ఊరు దాటేముందు ఆటో కాలవగట్టు ఎక్కింది. అక్కడ రేవులో సిమెంటు మెట్లు, వాటికి రెండువైపులా పచ్చరంగు ఇనపగొట్టాలు ఉంటాయి. పక్కన పలక మీద మంగాయమ్మగారి జ్ఞాపకార్థం అని రాసుంటుంది. అవన్నీ బుల్లబ్బాయి కట్టించినవే. తల్లి నీళ్లకి వెళ్లి ఆ రేవులో కాలు జారి పోయిందని, ఇంకో తల్లి జారకూడదని కట్టించాడు. ఏటా తద్దినం ముందు రోజు తనే డబ్బా పట్టుకుని వెళ్లి గొట్టాలకి రంగు వేసి వస్తాడు. ఇవాళ అంత ఆదుర్దాలోనూ మెట్ల పక్కనించి పోతున్నప్పుడు చేతులు జోడించాడు. రత్నమాణిక్యం అవతలి పక్కకి తిరిగి కొబ్బరితోటలు చూసింది.

బొబ్బర్లంక దగ్గర ఆటో బ్యారేజీ మీదికి వచ్చింది. గోదావరి గాలి మొహాన కొట్టింది. సాయిదుర్గ కళ్లు మూసుకుని వదిన భుజం మీద తల వాల్చింది. పదకొండు రోజులు తనని మోసం చేసిన భుజం అది. దాని మీదే వాల్చింది. ఆ బరువు తట్టుకోవడం రత్నమాణిక్యానికి కష్టంగా ఉంది.

ఈ దారినే ఆవిడ పధ్నాలుగేళ్లప్పుడు అమ్మతో పుష్కరాలకి వెళ్లింది. బుల్లబ్బాయి అప్పుడు మూడు నెలల పిల్లాడు. వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఎడ్లబండిలో కూచుని, దారి పొడుగునా అమ్మ ఎన్ని కబుర్లు చెప్పిందో. అమ్మ నవ్వితే గట్టిగా నవ్వేది, ఆడమనిషి అంత గట్టిగా నవ్వకూడదని నాన్న విసుక్కునేవాడు. విసుక్కున్నాడని మళ్లీ నవ్వేది. ధవళేశ్వరంలో గోళీసోడా తాగించింది. గోళీ కొట్టిన చప్పుడికి బుల్లబ్బాయి ఉలిక్కిపడి ఏడిస్తే, ఇంకో సోడా కొట్టించి మరీ వాడికి అలవాటు చేసింది.

ఇంట్లో అయితే అమ్మ పొద్దుటే పొయ్యి ముందు కూచునేది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు చిటపటలాడేది. పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగేది. లెక్కపెట్టేలోపు రేకు లేచేది. వెలుతురికి పట్టుకుంటే అవతలున్న మనిషి మొహం కనిపించేది. ఎప్పుడైనా ఒకటి చిరిగితే పండగే. చిరిగిన రేకుల మీద బెల్లం కోరు చల్లి, నెయ్యి చుక్కలేసి పిల్లల చేతుల్లో పెట్టేది. రత్నమాణిక్యం రోజూ దేవుడికి దండం పెట్టుకునేది, ఇవాళ రెండు రేకులైనా చిరగాలని.

ఆ దండాలు ఫలించిన ఏడు ఎలాంటిదో తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి బెల్లం చేదుగా ఉంటుంది.

అమ్మ రేకులు చిరగడం మొదలైంది. రోజుకి రెండు, తర్వాత పది, తర్వాత అన్నీ. పిల్లలకి మొదట్లో సంబరంగానే ఉండేది. బియ్యం మంచివి కావన్నాడు నాన్న. బియ్యం మార్చారు. కుండ పాడైందన్నారు పేరంటాళ్లు. కొత్త కుండ తెచ్చి నూనె రాసి కాచారు. దాని మీదా చిరిగాయి. ఆ కుండకి ఎవరి కన్నో తగిలిందన్నారు. ఇంకోటి తెచ్చారు. మూడో కుండ తెచ్చిన రోజు అమ్మ దాని ముందు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూచుంది. గుడ్డ పిండిలో ముంచింది, కుండ మీద పెట్టలేదు. "కుండల తప్పు కాదే మాణిక్యం. నన్నెవరూ బాగుచెయ్యలేర్లే," అని లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది.

పంతొమ్మిదేళ్ల మాణిక్యం ఆ మాట విన్నది. విని, పిండి పులిసిపోతుందని తీసి పక్కన పెట్టింది, కుండని అటకెక్కించింది.

---

రాజమహేంద్రవరంలో డాక్టర్ లావణ్య మొదట సాయిదుర్గ ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. అరగంట పైన మాట్లాడింది. బయట బెంచీ మీద ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా కూచున్నారు. తర్వాత అందర్నీ రమ్మంది. చెప్పులు విడిచి లోపలికెళ్లారు.

ముప్పయ్యైదేళ్లుంటాయేమో డాక్టరుకి. చీవాట్లు పడతాయని రత్నమాణిక్యం సిద్ధపడే వచ్చింది. చెంగు ముడి విప్పి అట్టలు బల్ల మీద పెట్టి, తప్పు నాదేనండి, అమ్మాయికి తెలీదండి అంది. డాక్టరు తిట్టలేదు. అట్టలు తిరగేసి చూసి, చెయ్యి వణకడం ఎప్పుడు మొదలైంది, ఏ పూట ఎక్కువ, నిద్ర ఎలా ఉండేది అని అడిగింది. అన్నీ కాగితం మీద రాసుకుంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"వణుకు మందు వల్లేనండి. మీరు కనిపెట్టింది కరెక్టే," అంది. "కొందరికి మొదట్లో వస్తుంది. కడుపులో తిప్పడం, నోరెండడం కూడా ఉంటాయి. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. సర్దుకోకపోతే మోతాదు తగ్గిస్తాను, లేదంటే మందు మారుస్తాను. ఇన్ని రకాలున్నది అందుకే. ఆవిడ చేత్తో పని చేసే మనిషని నాకు ముందే తెలిస్తే ఇంకా తక్కువలో మొదలుపెట్టేదాన్ని. నేనూ అడగలేదు."

దేవిశ్రీ తల వంచుకుంది. గృహిణి అని రాయించింది తనే.

ఇది తలనొప్పికో జ్వరానికో వేసుకునే మందులాంటిది కాదనీ, గుణం కనపడ్డానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ, బాగున్నాక కూడా కొన్ని నెలలు వాడాలనీ, ఆపేటప్పుడు మెట్టు మెట్టుగా దిగాలనీ డాక్టరు వివరంగా చెప్పింది. ఇది అలవాటైపోయి మనిషి జీవితాంతం బానిస కాదా అని బుల్లబ్బాయి అడిగాడు. మత్తుమందు లాంటిది కాదండి, ఇంకా ఇంకా కావాలనిపించదు, ఒళ్లు దానికి సర్దుకుని ఉంటుంది కాబట్టి హఠాత్తుగా ఆపితే తిరగబడుతుంది, అంతే అంది. నాలుగు బిళ్లలకే అలా రావడం అరుదు గానీ, రెండు నెలలుగా సరిగా తిండి లేని సాయిదుర్గ ఒంటికి అదీ తోడైందట. తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెడదాం, వారానికోసారి కూచుని మాట్లాడుకుందాం, మాట్లాడటం కూడా వైద్యమే అని సాయిదుర్గ వైపు చూసి చెప్పింది.

తర్వాత కలం పక్కన పెట్టింది.

"దుర్గగారు నాకు కొన్ని సంగతులు చెప్పారు. మీకు చెప్పొచ్చన్నారు. మూడు రోజుల్నించి ఆవిడకి బతకాలనిపించడం లేదు. అందుకే ఒకటి అడుగుతున్నాను. రక్తసంబంధంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉండేదా? ఇలా ఎవరైనా పోయారా? మందు ఎంచుకోడానికీ, మనం ఎంత కాపలా ఉండాలో తెలియడానికీ అడుగుతున్నాను."

"లేదండి," అన్నాడు బుల్లబ్బాయి వెంటనే. "మాది మేనరికం. అటూ ఇటూ ఒకటే కుటుంబం. మాలో ఎవరికీ లేదు."

ఫ్యాను తిరుగుతోంది. రత్నమాణిక్యం తన చేతుల్ని చూసుకుంది. పిండిలో నాని నాని గోళ్లు అరిగిపోయిన చేతులు. ఆ చేతులు చేసిన పని ఒకటుంది. నాన్నకి తెలుసు, తనకి తెలుసు. నాన్న పోయి ఇరవై ఏళ్లైంది. తను కూడా పోతే ఆ మాట కూడా పోతుంది, తమ్ముడు తద్దినానికి రంగులేసుకుంటూ హాయిగా ఉంటాడు. ఇన్నేళ్లూ ఆవిడ అనుకున్నది అదే. ఇవాళ పొద్దున మంచం మీంచి దుర్గ గొంతు వినకపోతే ఇప్పుడూ అదే అనుకునేది.

"ఉందండి," అంది.

బుల్లబ్బాయి ఇటు తిరిగాడు.

"మా అమ్మండి, మంగాయమ్మ. ఈ పిల్లకి సొంత మేనత్త." బల్ల మీది అట్టల్నే చూస్తూ చెప్పింది. "నీళ్లకెళ్లి రేవులో కాలు జారిందని ఊళ్లో చెప్పాం. అమ్మ నీళ్లకెళ్లలేదండి. బిందె ఇంట్లోనే ఉంది. నాన్న చెప్తే నేనే తీసుకెళ్లి రేవులో పెట్టాను."

దేవిశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు మెల్లిగా అడిగింది, అంతకుముందు ఆవిడకి ఏం వైద్యం చేయించారని.

"మూడు కుండలు మార్చామండి," అంది రత్నమాణిక్యం. "రేకులు చిరుగుతున్నాయని కుండలు మార్చాం. కుండల తప్పు కాదని అమ్మ నాతో చెప్పింది కూడా. వినలేదు నేను. ఇప్పుడు దీని చెయ్యి వణికితే బిళ్లలు మార్చాను."

బుల్లబ్బాయి లేచి నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు. ఏం జరిగిందో ఇంకా అంతు పట్టనట్టుంది.

"మరి ఆ మెట్లు?" అన్నాడు. "ఏటా వెళ్లి రంగు వేస్తున్నాను కదక్కా. నువ్వు కూడా వచ్చి కూచునేదానివి గట్టు మీద."

అతను తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయాడు. రత్నమాణిక్యం వెనకే లేవబోయింది. ఐదేళ్ల వయసు నుంచీ వాడు ఏడిస్తే వెనకాల పరిగెత్తడం ఆవిడకి అలవాటు. భుజం మీద ఒక చెయ్యి పడి ఆపింది. కట్టు కట్టిన చెయ్యి.

"నువ్వుండు వదినా," అంది సాయిదుర్గ. "ఆయన్ని నేను చూసుకుంటాను. నువ్వు డాక్టరుగారికి అత్త సంగతి చెప్పు. ఎప్పణ్ణించి తినడం మానేసింది, ఏమనేది, నిద్రపోయేదా, అన్నీ చెప్పు. ఆవిడకి పనికిరాలేదు. నాకు పనికొస్తాయేమో."

రెండు నెలలుగా ఎవరో ఒకరు లేపితే గానీ లేవని మనిషి, కూతురి చెయ్యి పట్టుకుని తనంతట తాను లేచి నడిచింది. తలుపు వాళ్ల వెనక మూసుకుంది.

వరండాలోంచి బుల్లబ్బాయి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు రత్నమాణిక్యానికి తెలుసు. నలభై ఒక్క ఏళ్ల కిందట రేవు దగ్గర అమ్మేదక్కా అని అడిగి ఏడ్చిన ఏడుపే అది. అప్పుడు వాణ్ణి ఎత్తుకుని, అమ్మ కాలు జారిందిరా అని చెప్పింది తనే.

డాక్టరు కలం చేతిలోకి తీసుకుని ఎదురుచూస్తోంది.

రత్నమాణిక్యం తలుపు వైపు చూసింది. మళ్లీ కుర్చీలో సర్దుకుని కూచుంది.

"ఆ ఏడు మాఘమాసం నించండి," అని మొదలుపెట్టింది.